ఎడారిలో హీటరు

మా ఆయన మిత్వల్లీకి నోరెక్కువ. మా ఊరు రాస్ గారిబ్‌లో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. కరెంటు తీసే గాలిమరల దగ్గర ఫోర్‌మన్ అయ్యాక ఆ నోటికి హోదా కూడా తోడైంది. పనిలో చేరిన ప్రతివాణ్ణీ మర స్తంభం అడుగుకి తీసుకుపోయి, అక్కడున్న కరెంటు బీరువా తలుపు తీసి, లోపలి హీటరు చూపించేవాడు. "చూడరా, ఎడారిలో హీటరు పెట్టారు. మన మిషన్లకి చలేస్తుందని దొరలు స్వెట్టర్లు తొడిగి పంపారు" అనేవాడు. కుర్రాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. ఇంటికొచ్చి అదే మాట నాకూ చెప్పేవాడు, నేనెప్పుడూ విననట్టు.

ఆయన లెక్క ఆయనకుంది. వేసవిలో ఆ బీరువా నిప్పుల కొలిమి. వేడెక్కువైతే మర తనంతట తానే ఆగిపోతుంది. ఆగితే పైవాళ్ళ చేత చీవాట్లు. అందుకని ఎండలు ముదరగానే హీటర్ల స్విచ్చులన్నీ దించేయించేవాడు, చలి మొదలయ్యాక మళ్ళీ వేయించేవాడు. దుమ్ముకి భయపడేవాడు, ఎండకి భయపడేవాడు, తేమని మాత్రం లక్ష్యపెట్టేవాడు కాదు. చినుకు పడని ఊళ్ళో తేమేమిటని ఆయన వాదన. సముద్రం కూతవేటు దూరంలోనే ఉంది. రాత్రి డాబా మీద ఆరేసిన బట్టలు తెల్లారేసరికి ఆరకపోగా ఇంకా తడిసేవి. వాటిని పిండేది నేను కాబట్టి ఆయనకి కనిపించలేదు.

షౌకీ నా తమ్ముడు. మా నాన్న పోయేసరికి వాడు చంటివాడు. పెద్దయ్యాక వాణ్ణి మరల దగ్గర చేర్పించింది, పని నేర్పింది అంతా మా ఆయనే. వాడికి బావ మాటంటే వేదవాక్కు. మా అమ్మ బహీగా అయితే పదిమందిలోనూ అల్లుణ్ణి పట్టుకుని, నా కొడుక్కి తండ్రి లేని లోటు తీర్చావు నాయనా అనేది. మా ఆయన మీసం దువ్వుకునేవాడు. నాకూ గర్వంగానే ఉండేది.

ఆ ఏడు చలి ఆలస్యమైంది. స్విచ్చులు తిరిగి వేయించాలన్న ఆలోచనే మా ఆయనకి రాలేదు. ఈలోగా ఇసుక తుఫాను వచ్చి కరెంటు లైను తెగింది. మరలన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. తుఫాను వెళ్ళాక సముద్రం మీంచి పొగమంచు కమ్మింది.

మర తిరుగుతున్నంతసేపూ దాని ఒంటి వేడికే బీరువా పొడిగా ఉంటుంది. ఆగి చల్లబడితే, చల్లటి గ్లాసుకి పట్టినట్టు లోపల కూడా చెమ్మ పడుతుంది. అక్కడ అప్పటికే ఉప్పుదుమ్ము పేరుకుని ఉంటుంది. ఆ రెండూ కలిస్తే కరెంటు పోకూడని దారిన పోతుంది. అందుకే లైను రాగానే మరని తిప్పకూడదు. ముందు కొన్ని గంటలు హీటర్లతో బీరువాని ఆరబెట్టాలి. ఆ గంటలు చూసే గడియారమొకటి అందులోనే ఉంటుంది. దానికి గంటలు లెక్కపెట్టడమే తెలుసు, హీటరు వెలుగుతోందో లేదో తెలియదు. ఇదంతా నేను తరవాత ఒకర్నీ ఇద్దర్నీ అడిగి తెలుసుకున్నాను. తెలుసుకోకుండా ఉండలేకపోయాను.

లైను వచ్చాక షౌకీని సముద్రం ఒడ్డు మర దగ్గరికి పంపారు. వాడు గడియారం పూర్తయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు. పూర్తయిందని పచ్చలైటు వెలిగాక లేచి మరని ఆన్ చేశాడు. బీరువా పేలి, తలుపు ఊడి, మంటతో సహా వాడి మీద పడింది.

పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళు బతికాడు. ఒళ్ళంతా కట్లు. ఒక మధ్యాహ్నం అమ్మ నమాజుకి వెళ్ళినప్పుడు నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"అక్కా, నేను తొందరపడలేదే. చివరిదాకా ఆగాను."

నాకు తెలుసురా అన్నాను.

"హీటరు స్విచ్చు కిందికే ఉంది. పడిపోయాక చూశాను." చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. "బావ పేరు ఎత్తకు. నేనే తొందరపడ్డానని నలుగురూ అంటే అననీ. నాకేం పోయింది? నీకు పిల్లలున్నారు. అమ్మకి కూడా రేపట్నించి మీ ఇల్లేగా దిక్కు."

నోరు మూసుకుని పడుకోరా వెధవా, నీకేం కాదు అన్నాను. వాడితో నేనాడిన ఆఖరి మాట అదే.

అనుకున్నట్టే అయింది. పరామర్శకి వచ్చినవాళ్ళు చావింటి ఆనవాయితీగా చక్కెర లేని కాఫీ తాగుతూ, కుర్రతనం, తొందరపడ్డాడు పాపం అన్నారు. కాలిన బీరువాలో ఏ స్విచ్చెటుందో తెలియక విచారణకొచ్చిన ఇంజనీరూ అదే తేల్చి పోయాడు. మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. నోరెక్కువ మనిషికి హీటరు ఆపించింది నేనేనన్న ఒక్క మాట రాలేదు.

అదైనా భరించేదాన్ని. మా అమ్మ నమ్మేసింది, అది భరించలేకపోయాను. చిన్నప్పుడు రొట్టె కాలేదాకా కూడా ఆగేవాడు కాదు, పొయ్యి మీంచే లాక్కునేవాడు అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. వాడి చొక్కా ఒళ్ళో పెట్టుకుని, "ఇంకాస్త ఆగితే నీ సొమ్మేం పోయేదిరా? నన్నిలా చేసి పోయావేం?" అని తిట్టేది. రోజూ అదే తిట్టు. చచ్చిపోయిన బిడ్డ మీద అంత కోపం పెట్టుకున్న తల్లిని నేనెక్కడా చూడలేదు.

ఒకరోజు మా ఆయన్ని వంటింట్లో నిలదీశాను. షౌకీ నాకంతా చెప్పాడని, వాడికి మాటిచ్చినట్టే అయింది కాబట్టి నేను నోరు విప్పలేనని, నువ్వైనా విప్పి మా అమ్మ నోట ఆ తిట్టు ఆపమని అన్నాను. ఏ రోజుకారోజు చెబుతాడేమోనని చూశాను. చెప్పలేదు.

నలభయ్యోనాడు ఖురాను చదివించి భోజనాలు పెట్టాం. వచ్చినవాళ్ళు తిని వెళ్ళాక మా అమ్మ తన చేత్తో అల్లుడికి వడ్డించింది. రొట్టె మీద అన్నం, అన్నం మీద మంచి మంచి ముక్కలు ఏరి పెట్టింది.

"తిను నాయనా. వాడి ముద్ద కూడా నువ్వే తినాలి. ఇక నా కొడుకువి నువ్వే."

మా ఆయన ముద్ద కలిపాడు గాని నోటిదాకా తీసుకుపోలేకపోయాడు.

"అత్తయ్యా, వాడు తొందరపడలేదు. హీటర్లు ఆపించింది నేను. మళ్ళీ వేయించడం మర్చిపోయాను. వాడు ఆగమన్నంతసేపూ ఆగాడు."

మా అమ్మకి మొదట అర్థం కాలేదు. "ఆగాడా?" అంది.

"ఆగాడత్తయ్యా."

"చివరిదాకా?"

ఆయన తలూపాడు. క్షణంపాటు మా అమ్మ ముఖంలోకి వెలుగు వచ్చింది, బిడ్డ మంచివాడని ఎవరో చెప్పినట్టు. ఆ తరవాత ఆ ముఖం చూడలేకపోయాను.

"ఇన్నాళ్ళూ నా చేత వాణ్ణి తిట్టించారు," అంది. "పక్కనే కూర్చుని విన్నారు." నా వైపు తిరిగి, నీకూ తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. అమ్మ నల్లముసుగు కప్పుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది.

శ్మశానం దాకా వెనకే వెళ్ళాను. గేటు దగ్గర చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపేసింది. గాలి నా వైపే వీస్తోంది, అందుకని వాడి సమాధి మట్టి పక్కన కూలబడి ఆవిడ అన్న ప్రతి మాటా నాకు వినబడింది.

"ఆగావటగా నాన్నా. చివరిదాకా ఆగావటగా. నేనేరా తొందరపడింది."

చీకటి పడేదాకా అదే మాట. నేను గేటు బయటే నిలబడ్డాను.