చెల్లని పేరు

ప్రేమ ఫోన్ చేసేలోగా ఆమెకు ఏం చెప్పాలో తేలాలి. శశికళకు తేలలేదు.

బాగేపల్లిలో ఉన్న ఆడబిడ్డ ప్రేమ రోజూ పొద్దున, పనులు ఒక కొలిక్కి వచ్చాక, చనిపోయిన తల్లి చౌడమ్మ పాటను ఫోన్‌లో పెట్టుకుని వింటుంది. ఆ పాట ఉండేది చింతామణిలో, శశికళ ఇంటి హాల్లో, టీవీ పక్కన రొద పెట్టే పాత కంప్యూటర్‌లో. నిన్న సాయంత్రం నుంచి అందులో చౌడమ్మ పాట లేదు. ఆమె ఊరు జంగమకోటె చుట్టుపక్కల ఆడవాళ్ళు పాడినవి ఒక్కటీ లేవు.

ఆ పాటల సైటు శశికళ భర్త పురుషోత్తమ్ చేసింది. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. ఎప్పుడో నేర్చిన పెర్ల్ అనే కంప్యూటర్ భాషలోనే దాన్ని రాశాడు. నేర్చిన భాషనూ కట్టుకున్న పెళ్ళాన్నీ మార్చడం తనకు చేతకాదనేవాడు. ఆ మాటకు మురిసిపోవాలో వంటింట్లోకి వెళ్ళిపోవాలో శశికళకు ఏనాడూ తెలియలేదు.

"ఏమయిందో ఇంగోసారి చెప్పప్పా. నేనూ బీయెస్సీనే."

అతను తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "పేరు టైపు చేస్తే దాన్ని పట్టుకోని పాట వెదుకుతాది గదా. పేరు రాసే చోట యావడో 'అన్నీ తుడిచెయ్' అని ఆజ్ఞ రాసినాడు. తుడిచేసింది."

"ఒక మాట అడక్కుండానే?"

"అడిగేదానికి కాపలా పెట్టింటి శశీ. బయటి మాటను పరీక్ష చేయకుండా వాడితే ప్రోగ్రామే నిలిచిపోతాది. అది పని కోసం పిలిచే పక్క ప్రోగ్రాములు యాడ ఉంటాయో ఆ దారి గూడా నేనే రాసి పెట్టింటి, యావడూ మళ్ళించకుండా."

"మరి?"

జవాబు ఆమెకు తెలుసు. అతను ఆ కాపలా సడలించిన రోజు తనూ అక్కడే ఉంది.

మొదట ఆ పరీక్ష ఇంగ్లీషు అక్షరాలనే లోపలికి రానిచ్చేది. ఇక్కడి జనం మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చింది కన్నడం. తల్లికి చూపించాలని పురుషోత్తమ్ ఆమె పేరు కన్నడంలో కొడితే, 'చెల్లని పేరు' అని వచ్చింది.

"నా పేరు చెల్లదంటనా? మీ నాయన ఆ పేరు పెట్టే గదరా పిలిచింది! యాడ నేర్చినావురా ఈ సదువు?"

ఈ మాటన్న మనిషి, పట్టుపురుగుల ఇంట్లోకి తహశీల్దారు వచ్చినా బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు ముంచందే గడప దాటనిచ్చేది కాదు. పురుగులకు బయటినుంచి రోగం వస్తుందని ఆమెకు తెలుసు. పాటలకూ వస్తుందని కొడుకు చెప్పి ఉండాల్సింది. అతను తల్లి ముఖం చూశాడు, అంతే. కన్నడం, తెలుగు అక్షరాలు ఏరి రాసేందుకు ఓపిక లేక, ఏది రాసినా చెల్లేలా ఒక చుక్కా ఒక నక్షత్రం గుర్తూ పెట్టేశాడు. ఆ తర్వాత ప్రోగ్రాము దృష్టిలో ప్రతి మాటా పరీక్ష అయిపోయిన మాటే. తర్వాత సరిచేద్దామనుకున్నాడు. అంతలో ఆమె పోయింది.

ఇంకో కాపీ పక్క ఫోల్డర్లోనే ఉండేది. అదీ పోయింది. మొదట రికార్డు చేసిన ఫోన్‌లో ఉన్నవాటిని జాగా లేదని అతనే ఎప్పుడో తీసేశాడు. ప్రేమను తన ఫోన్‌లోకి దించుకోమంటే వినలేదు. పేరు కొట్టి వింటేనే అమ్మను పిలిచినట్టుంటుందనేది.

ఇప్పుడు కూర్చుని పురుషోత్తమ్ ఆ అక్షరాలన్నీ ఒక్కొక్కటే చేరుస్తున్నాడు.

"ఇంగ యావరు రావల్లప్పా లోపలికి?" అనేసి, అన్నందుకు శశికళే నొచ్చుకుంది.

ఫోన్ మోగింది.

"వదినా, అమ్మ పేరు కొడ్తే పాట రాలేదే. ఆడ కరెంటు లేదా?"

లేదు అంటే చాలు, ఇవాళ్టికి గడిచిపోతుంది. ఆ మాట శశికళ నోటిదాకా వచ్చింది.

"కరెంటు ఉండాది ప్రేమా," అంది. తర్వాత జరిగిందంతా చెప్పింది.

అవతల కుక్కర్ దించిన చప్పుడయింది.

"నువ్వు పాడు వదినా. ఇన్నేండ్లు పక్కనే ఉండి విన్యావు గదా."

"నా గొంతా? మీయమ్మ మిక్సీ అనేది."

"పాడు."

శశికళ ఫోన్ స్పీకర్లో పెట్టి పాడింది. పట్టుపురుగులకు ఆకు కోయడానికి చెల్లెలిని పిలిచే పాట. రెండో వరుసలోనే ప్రేమ ఆపింది.

"అట్ల కాదు. అమ్మ ఆడ సాగదీస్తాది."

"ఎట్ల?"

"ఇట్ల..." ప్రేమ ఎత్తుకుని ఆగిపోయింది. మళ్ళీ ఎత్తుకుంది. కాదని ఇద్దరికీ తెలిసింది. శశికళ భర్త వైపు చూసింది. అతను అప్పటికే, తనకూ గుర్తు లేదన్నట్టు, తల అడ్డంగా ఊపుతున్నాడు.

"నిన్న పొద్దున గూడా వింటినే వదినా," అంది ప్రేమ. "నిన్ననే గదా వింటి."