టిఫిన్ డబ్బాలో శృతి

మైకులో సుమ గొంతు వినిపించేది "హలో, హలో, చెక్" అన్నంతవరకే. ఆ తర్వాత మైకు ఆమె మొగుడు రంగనాథ చేతికి పోతుంది, సుమ వైర్ల దగ్గరికి పోతుంది. బాగేపల్లి బస్టాండు పక్కనుండే అంగడి మూసి, శనివారం శనివారం భజన నడిపే మనిషి ఆయన. చాపలు పరిచేదెవరు, పులిహోర కలిపేదెవరు, అందరూ పోయినాక వైర్లు చుట్టేదెవరు అని మాత్రం అడగొద్దు. అవన్నీ వాటంతట అవే అయిపోతాయని ఆ ఇంట్లో అందరి నమ్మకం.

పాడాలని ఆమెకెంత ఆశో! పెళ్లైన కొత్తలో ఆయన పక్కన కూర్చుని గొంతు కలిపింది కూడా. భజనకు ఎప్పుడూ ఒకటో నంబరు శృతే, రంగనాథ గొంతుకి అదే సుఖం మరి. ఆ శృతిలో సుమ పైన ఎత్తుకుంటే కీచు, కింద పట్టుకుంటే గొణుగుడు. "మా సుమకి చేతులుండాయి గానీ గొంతు లేదప్పా," అనింది అత్త వనజమ్మ, అందరి ముందరా, నవ్వుతానే. రంగనాథ కూడా నవ్వినాడు. "నువ్వు మైకు చూసుకో సుమా, పాట మాకొదిలెయ్." అబ్బ, ఆ నవ్వు! చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. అంతకన్నా పెద్ద అన్యాయం ఏమంటే, సుమ ఆ మాట నమ్మేసింది. వంటింట్లో కూనిరాగం కూడా మానేసింది. అంట్లు తోముతా ఏదైనా పాట నోటికొస్తే కొళాయి ఇంకా పెద్దగా తిప్పేది.

హార్మోనియం, ఆంప్లిఫయరు మోసి మోసి నడుం పట్టేసినాక ఆమెకొక ఆలోచన వచ్చింది. ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ మిస్సు గదా. అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు ఒకటి తెప్పించుకుని, పాత స్టీలు టిఫిన్ డబ్బాకి బెజ్జాలు కొట్టించి అందులో కూర్చోబెట్టింది. పవర్ బ్యాంకు తగిలిస్తే చాలు, తంబూరా, హార్మోనియం, తబలా అన్నీ అందులోంచే. మైకు దానికి పెడితే మామూలు గొంతు కూడా గుడి మంటపంలో పాడినట్టు మోగుతుంది. ఊరికే కాలేదు అది. మొదట్లో నోట్లో మాట స్పీకర్లోకి కాస్త వెనకబడి వచ్చేది, తాళం తప్పేది. మధ్యాహ్నం అన్నం పక్కన పెట్టుకుని వారాల తరబడి సరిచేసుకుంది. "ఎందుకు మిస్ ఇవన్నీ మీకు? మార్క్స్ కార్డులు టైప్ చేయండి," అన్నాడు హెడ్మాస్టరు. రంగనాథ అయితే వచ్చినోళ్లకంతా "మా బాక్సు చూస్తిరా?" అని చూపించేవాడు. మా అంట, మా!

ఒక మధ్యాహ్నం ఖాళీ ల్యాబులో శృతి మార్చే నాబ్ తిప్పి పరీక్షిస్తాంది. ఒక్కో శృతికీ ఒక పల్లవి పాడి చూడాల గదా, పాడేదానికి ఆడ ఇంకెవరుండారు? ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదుకి వచ్చేసరికి గొంతు దానంతట అదే తెరుచుకుంది. కీచు లేదు, గొణుగుడు లేదు. పాడింది తానేనా అని సుమ ఠక్కున ఆపేసి తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. మళ్లీ పాడింది. కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. ఉండాది, గొంతు ఉండాది! ఇన్నేండ్లూ ఇంకొకరి శృతిలో పాడి లేదనుకుంది, అంతే. కోపం రావాల్సిందే, వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు గుండెల మీది బరువు దిగిపోయింది.

ఆ నెలలోనే చింతామణిలో వనజమ్మ తమ్ముడి కొత్తింటి ప్రవేశం. పూజ అయినాక భజన. మగవాళ్లు ముందర, ఆడవాళ్లు వెనక, సుమ గోడ పక్కన డబ్బాతో. రంగనాథ పాటలన్నీ బాగానే పాడినాడు, ఆ మాట దాచేదేముంది. చివరికి హారతి. హారతి పాట ఆడవాళ్లదే, ఎప్పటినించో అదే ఆచారం. శృతి మాత్రం ఎవరూ మార్చరు, మార్చాలని ఎవరికీ తోచదు. పళ్లెం పట్టుకున్న వనజమ్మ మొదలుకొని అందరూ నోట్లో నోట్లో గొణిగేదానికి సిద్ధమైనారు. సుమ చేయి నాబ్ మీదికి పోయింది. ఇప్పుడు పాడి తప్పితే ఈ జన్మలో ఇంక మైకు దగ్గరికి రానియ్యరు. తిప్పింది. ఐదు. మైకు తీసుకుని ఎత్తుకుంది.

ఆడవాళ్లు ఒక్క క్షణం తల తిప్పి చూసినారు. తర్వాత ఒకరెనక ఒకరు అందుకున్నారు, ఇల్లంతా నిండిపోయింది. రంగనాథ కలపబోయినాడు. పైన పట్టుకుంటే గొంతు చీరుకుపోయింది, కింద పట్టుకుంటే ఆయనకే వినపడలేదు. సుమ వైపు వంగి, "ఏమే, శృతి యాడికో పోయింది, దించు," అన్నాడు. చరణానికీ చరణానికీ మధ్య సుమ మైకు పక్కకు తీసింది.

"యాడికీ పోలేదండీ. మీరు తాళం వేయండి."

ఆయన తాళాలు తీసుకున్నాడు. బాగానే వేసినాడు.

తిరుగు బస్సులో వనజమ్మ వచ్చి కోడలి పక్కనే కూర్చుంది. ఏదో దెప్పుడు మాట వస్తుందని సుమ మనసు గట్టి చేసుకుంది. ముసలామె ముందు సీట్లో కునుకుతాండే కొడుకుని ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మీ మామ గూడా నాకు గొంతు లేదనే అంటాండె. నేనూ నిజమే అనుకుంటి. శనివారం గూడా శృతి ఈ పొద్దు పెట్టిన కాడనే పెట్టు సుమా. వాడు దించమన్నా దించొద్దు. దించినావంటే నేను భజనకు రాను."