పేరిస్తే పలుకుతుంది

వాయిదా రేపనగా నస్రత్ ఫోన్ బుద్ధిగా మాట్లాడింది.

బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్ పక్క మేడ మీద వాళ్ళ ఇల్లు. కూర దించి, చేతులు తుడుచుకుని, అలవాటుగా ఆ ఆన్‌లైన్ దుకాణం తెరిచి తెర మీద వేలు జరిపింది. ఎప్పుడూ "పేరు లేని బటన్, పేరు లేని బటన్" అని గొణిగే గొంతు ఈసారి "సైజు ఎంచుకోండి, నలభై, నలభై రెండు" అంది. "బుట్టలో వేయండి" అంది. చివరికి "వెనక్కి పంపండి" అని కూడా అంది. ఏడాదిగా ఈ మాటల కోసమే నస్రత్ వినియోగదారుల కమిషన్ చుట్టూ తిరుగుతోంది. వినగానే సంతోషం కలగాలి. కలగలేదు. తెర మీద నుంచి వేలు తీసేసి కొంగుకి తుడుచుకుంది.

ఆమెకి చిన్నప్పుడే చూపు పోయింది. తెర మీద ఏముందో చదివి వినిపించే గొంతు ఫోన్‌లోనే ఉంటుంది. దాని సాయంతో బ్యాంకు పనీ, కరెంటు బిల్లూ తనే చూసుకుంటుంది. కాకపోతే ప్రతి బటన్ వెనకా దాని పేరు రాసిపెడితేనే ఆ గొంతు చదవగలదు. ఈ దుకాణం వాళ్ళు రాయలేదు. కిందటి రంజాన్‌కి భర్త కలీంకి చొక్కా కొందామని అంచనా మీద నొక్కితే అయిదేళ్ళ పిల్లాడి చొక్కా వచ్చింది. అత్త జానీబీ దాన్ని కొడుకు వీపుకి ఆనించి, "వీణ్ణి మళ్ళీ ఒకటో తరగతిలో చేర్పిద్దామా?" అంది. అందరూ నవ్వారు. నస్రత్ కూడా నవ్వింది. వెనక్కి పంపే బటన్‌కీ పేరు లేక, గడువు దాటిపోయాక మాత్రం నవ్వు రాలేదు. ఇంట్లో చూపున్న వాళ్ళ సాయం తీసుకోమని దుకాణం వాళ్ళు జవాబు పంపారు. ఆ జవాబు పట్టుకునే లాయరు త్రినాథ్ గారు కేసు వేశారు.

మధ్యాహ్నం కలీం మిర్చి యార్డు నుంచి భోజనానికి వచ్చాడు. అక్కడ ఓ కమిషన్ కొట్లో గుమాస్తా అతను. ఒంటి మీద ఘాటుతోనే వచ్చి కూర్చుని, విషయం విని, ఇక కేసు ఎత్తేయొచ్చు కదా అన్నాడు. యార్డులో జనం తనని 'కోర్టు పక్షి మొగుడా' అని పిలుస్తున్నారని కూడా చెప్పాడు.

అతను వెళ్ళిన కాసేపటికే ఫోన్ మోగింది. ఒక ఆడపిల్ల గొంతు. తేనె పూసినట్టుంది.

"నమస్తే నస్రత్ అక్కా, శ్రీరమ్యని. మీ కోసమని దుకాణం వాళ్ళు ప్రత్యేకంగా నన్ను పెట్టారు. ఇప్పుడు అన్నీ చక్కగా వినపడుతున్నాయా?"

వినపడుతున్నాయంది నస్రత్.

"పొద్దున ఆ నీలం చొక్కా దగ్గర చాలాసేపు ఆగారు. నలభై రెండుకి వెళ్ళి మళ్ళీ నలభైకి వచ్చారు. బావగారు కొంచెం తగ్గారా అక్కా?"

వేసవిలో కామెర్లు వచ్చి కలీం నిజంగానే తగ్గాడు. నస్రత్ ఫోన్ పెట్టేసింది. బజారులో కొట్టుకి వెళితే కొట్టువాడు ఎటువైపు నిలబడ్డాడో ఆమెకి తెలుస్తుంది. దగ్గుతాడు, గుడ్డ చింపుతాడు, ఊపిరి పీలుస్తాడు. ఇక్కడ ఆ చప్పుడేదీ లేదు. పొద్దున కూర దించాక, తను ఒక్కతే ఉన్నాననుకున్న గదిలో, ఈ పిల్ల తన వేలినే చూస్తూ ఉంది.

వెంటనే వేటపాలెంలో ఉన్న బసవమ్మకి ఫోన్ చేసింది. ఇద్దరూ అంధుల బడిలో, ఒకే హాస్టల్లో పెరిగినవాళ్ళు. బసవమ్మ తన ఫోన్‌లో దుకాణం తెరిచి వినిపించింది. పేరు లేని బటన్. పేరు లేని బటన్.

"నాకు ఇదే పాట. నీకు మాట్లాడుతోందా? ఎంత లంచమిచ్చావే?" అంది బసవమ్మ.

అంటే బాగుచేసింది దుకాణాన్ని కాదు. నస్రత్ ఒక్కదాని ఫోన్‌ని. సంగతి విని త్రినాథ్ గారు ఎగిరి గంతేసినంత పనిచేశారు. బసవమ్మని రేపే పిలిపించమన్నారు. కొత్త సాక్షి కాబట్టి అవతలి పక్షానికి పేరు ముందుగా తెలపాలని, ఆ సాయంత్రమే పంపేశారు.

మర్నాడు బస్టాండులో దిగిన బసవమ్మ, నస్రత్ చెయ్యి దొరకగానే గట్టిగా పట్టుకుంది. పొద్దున్నించీ తన ఫోన్ కూడా చక్కగా చదువుతోందని చెప్పింది. ఎవరో శ్రీరమ్యట, ఫోన్ చేసి అక్కా అక్కా అందట. ఆ తర్వాత ఆటోలో ఇంకేమీ మాట్లాడలేదు. ఊరుకోవడం బసవమ్మకి చేతకాని పని.

కమిషన్ హాల్లో దుకాణం తరఫు లాయరు అనిల్ కుమార్ ఎంతో మర్యాదగా, అందరి ముందూ ఫోన్లు తెరిచి చూపించమన్నాడు. నస్రత్ ఫోన్ చదివింది. బసవమ్మ ఫోన్ చదివింది. "బుట్టలో వేయండి, వెనక్కి పంపండి" అని ఆ మెత్తని మాటలు హాలంతా వినిపిస్తుంటే వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. యార్డుకి సెలవు పెట్టి వచ్చిన కలీం కుర్చీ కిర్రుమంది.

వీళ్ళిద్దరికి మాత్రమే చదువుతోందని త్రినాథ్ గారు గొంతు పెంచారు.

"ఎవరికి చదవట్లేదో వాళ్ళని తీసుకురండి సార్, మేం వద్దన్నామా? పేరు ముందుగా ఇవ్వండి, అంతే," అన్నాడు అనిల్ కుమార్.

అధ్యక్షులు కూడా పద్ధతి అదేనన్నారు. వచ్చే వాయిదాకి అలాంటి మనిషిని చూపించలేకపోతే, ఫిర్యాదు పరిష్కారమైనట్టు రాసి మూసేస్తామన్నారు.

వరండాలోకి వచ్చాక కలీం మెల్లగా, నీకూ తీరింది, బసవమ్మకీ తీరింది, ఇంకెవరి కోసం అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే అది గుచ్చుకుంది. అయిదేళ్ళ పిల్లాడి చొక్కా పట్టుకుని నవ్విన రోజున తనకి కలిగింది అవమానమని ఆమె ఎవరికీ చెప్పలేదు. అలాంటి చొక్కాలు ఇంకెన్ని ఇళ్ళకి వెళుతున్నాయో. తనని నోరెత్తకుండా కూర్చోబెట్టడానికి తనకీ బసవమ్మకీ మాత్రమే అడిగింది ఇచ్చారు.

త్రినాథ్ గారు చతికిలబడిపోయారు. "మనం ఎవరి పేరిచ్చినా మర్నాటికి వాళ్ళ ఫోన్ పలుకుతుందమ్మా. ఇక వీళ్ళని పట్టుకోలేం."

నస్రత్ ఆ మాటనే పట్టుకుంది.

"పేరిస్తే పలుకుతుంది. అంతేగా సార్?"

"అంతే."

"అయితే అందరి పేర్లూ ఇద్దాం. మా ఇద్దరి జిల్లాల్లో చూపులేని వాళ్ళు ఎంతమంది దొరికితే అంతమందీ సాక్షులే. ఇంతమందికి విడివిడిగా చేసే బదులు దుకాణమే బాగుచేసుకుంటారు."

త్రినాథ్ గారు వెంటనే సంచీలో కాగితం కోసం వెతకడం మొదలుపెట్టారు. కలీం నవ్వాడు. బసవమ్మ నవ్వలేదు. నస్రత్‌ని పక్కకి లాగి, చెవి దగ్గర చెప్పింది.

"పేరుతో పాటు ఆ పిల్ల కూడా వస్తుందే. పక్కింటి అమ్మాయి చేత నొక్కించుకుని నేను ఆ దుకాణంలో కొన్న మాత్రలున్నాయి. మా ఆయనకి తెలీదు. అవి సరిగ్గా పనిచేస్తున్నాయా అక్కా అని అడిగింది పొద్దున. ఎంత ముద్దుగా అడిగిందో."

త్రినాథ్ గారు కలం తీసి మొదటి పేరు చెప్పమంటున్నారు. నస్రత్ చెప్పలేదు. ముందు ఫోన్ తీసి, సత్తెనపల్లిలో అగరుబత్తీలు అమ్ముకునే గఫూర్‌కి చేసింది. బడిలో తమకంటే చిన్నవాడు. ఏమీ దాచకుండా అంతా చెప్పింది. దుకాణం మాట్లాడటం మొదలవుతుందని, ఆ తర్వాత ఎక్కడ ఆగాడో, ఏది చూసి వదిలేశాడో ఒక గొంతుకి తెలుస్తుందని చెప్పింది.

"ఇప్పుడు చొక్కా కావాలంటే ఫోన్‌లో నొక్కిపెట్టమని పక్క కొట్టువాణ్ణి అడుక్కుంటున్నా అక్కా. వాడూ చూస్తాడు. చూసి ఊరంతా చెబుతాడు."

"వాడు ఎవరికి చెబుతాడో నీకు తెలుసు గఫూర్. వీళ్ళు ఎవరికి చెబుతారో మనకి తెలీదు."

అవతల రోడ్డు మీద లారీ ఏదో వెళ్ళిన చప్పుడు.

"ఎప్పుడు చేస్తుంది ఆ అమ్మాయి?"

"పేరు ఇవాళ పంపితే రేపు పొద్దునకల్లా."

"ఏం అడుగుతుంది?"

"నువ్వు ఇప్పటిదాకా ఏం కొన్నావో దాన్ని బట్టి ఉంటుంది."

నస్రత్ తొందరపెట్టలేదు. వద్దంటే వద్దని వదిలేయడానికి సిద్ధంగానే ఉంది. వద్దంటే బాగుండుననే ఒక పక్క ఉంది కూడా.

"రాయించు అక్కా," అన్నాడు గఫూర్. ఆ ముక్క చెప్పేటప్పుడు, పక్కన ఇంకెవరో ఉన్నట్టు గొంతు బాగా తగ్గించాడు.

నస్రత్ త్రినాథ్ గారి వైపు తిరిగి, ఇంటి పేరుతో సహా అతని పేరు చెప్పింది.