చూసి చెప్పే మనిషి

కోటు చేతికి ఆఖరి కాజా చుట్టి, దారం పళ్ళతో కొరికి, ఆమె మరో కోటు ఒళ్ళోకి లాక్కుంది. బొత్తాం పట్టే చిల్లు కోసి, అంచున పోగులు లేవకుండా దగ్గర దగ్గరగా దారం చుట్టడం ఆమె పని. దర్జీ దుకాణంలో అందరికీ ఆమె కాజాలక్క. పెళ్ళయ్యేదాకా చేద్దామని మొదలుపెట్టిన పని. పెళ్ళి కాలేదు, పని మాత్రం సాగుతూ వచ్చింది. సూది పోట్లకి చూపుడువేలి కొస కాయ కాసింది. కోటు మీదికి వంగీ వంగీ మెడ అలాగే ఉండిపోయింది.

"ఏంటి కాజాలక్కా, ఇవాళ తెగ తొందరపడుతున్నావు? నీ అంతరిక్షం మొగుడు టీవీలో మళ్ళీ వస్తున్నాడంటగా!" అన్నాడు కటింగ్ మాస్టర్, కత్తెర ఆపకుండానే.

"నోర్మూసుకుని గుడ్డ చూసి కొయ్యి. మొన్న ఎవరిదో లాగు ఒక కాలు పొట్టి చేశావు."

దుకాణమంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది గానీ, చెవులు వేడెక్కాయి. మాస్టర్ అన్నదాంట్లో అబద్ధం లేదు.

ఆమె చిన్నప్పుడు వచ్చేది ఆ సీరియల్. భూమికి తిరిగొచ్చే దారి తప్పిన అంతరిక్ష ఓడ, దాన్ని నడిపే ఒక బక్కపలచని మనిషి. ఓడ తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఉస్సుమనేది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇంట్లో ఏ తలుపు తీసినా నోటితో ఉస్సుమని అమ్మ చేత తిట్లు తినేవారు. అక్కకి చూపు పోయింది ఆ రోజుల్లోనే. ముందు అక్షరాలు పోయాయి, తర్వాత మొహాలు, ఆఖరికి దీపం. ఇక చెల్లెలే పక్కన కూర్చుని, "ఇప్పుడు లేచాడక్కా... కిటికీలోంచి చూస్తున్నాడు," అని చెబుతూ ఉండేది. ఒక వారం ఆ మనిషి పాడైన యంత్రం బాగుచేయడానికి ఓడ బయటికి వెళ్ళాడు. వెనక తలుపు మూసుకుంది. మరుసటి వారం సీరియల్ రాలేదు. ఎందుకు ఆపేశారో ఎవరూ చెప్పలేదు.

"వాడు లోపలికొచ్చాడా లేదా, అదొక్కటి తెలిస్తే చాలే నాకు," అనేది అక్క, అన్నం తింటూ తింటూ ఆగి. గుండె బాగా దెబ్బతిందని డాక్టరు చెప్పాక కూడా అదే మాట.

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి అక్క తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, మంచం మీద టీవీ వైపు మొహం పెట్టి కూర్చుని ఉంది.

"ఇంతసేపేమిటే? అయిపోతే?"

"ఇంకా మొదలే కాలేదు. కంగారుపడకక్కా."

మొదలైంది. ఇన్నేళ్ళకి కొత్తగా తీసిన దాంట్లో పాత పాట లేదు. కొత్త ఓడ తళతళలాడుతోంది. అందులో కుర్రకారు గలగలా మాట్లాడుకుంటున్నారు. దూరంగా పాత ఓడ కనిపించింది వాళ్ళకి. దగ్గరికి వెళ్ళారు. మాటలు ఆగిపోయాయి. తెర నిండా ఆ తలుపు. దానికి బయటివైపు, పిడి వదలకుండా, అంతరిక్షం దుస్తుల్లో ఒక ఎముకల గూడు.

"ఎవరూ మాట్లాడరేం? ఏం చూపిస్తున్నారే?"

"వాడేనక్కా. లోపలే ఉన్నాడు. జుట్టు నెరిసింది."

"నిజంగా? నవ్వుతున్నాడా?"

"ఆఁ. నవ్వుతున్నాడు."

అంతలో టీవీలో ఒక గొంతు అంది. "తలుపు తెరుచుకోక బయటే చచ్చిపోయాడు పాపం. అడ్డు తీయండి, లోపలికి వెళదాం."

అక్క మొహంలో నవ్వు వెంటనే పోలేదు. ఎటు పోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే ఉండిపోయింది.

"కట్టేయ్," అంది.

చెల్లెలు టీవీ కట్టేసింది.

"నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు గోడలకి నీలం రంగు వేయించానన్నావు. ఇంటికొస్తే రంగు వాసనే లేదు. ఆరిపోయిందన్నావు. వేయించావా?"

"లేదక్కా."

"కిటికీ ముందు చెట్టు?"

"కొట్టేశారు. ఎప్పుడో."

"నీ జడ?"

"జడేముంది. తెల్లబడిపోయింది, ఊడిపోయింది."

అక్క తలాడించింది. నీలం గోడలు, కిటికీలో ఆకులు, నల్లజడ చెల్లెలు, ఇన్నాళ్ళూ ఆమె కాపురమున్న ఆ ఇల్లు కాళ్ళ కింద నుంచి జారిపోయింది.

"నువ్వు చెబితే నేను చూసినట్టే అనుకున్నానే," అంది. గొంతులో కోపం లేదు. కాస్త ఉన్నా బాగుండుననిపించింది చెల్లెలికి.

చెల్లెలు వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద అన్నం పడేసింది. అక్కడి నుంచే అక్కని ఒకసారి పిలిచింది. పలకలేదు. అలిగిందిలే, అలగనీ అనుకుంది. కంచంలో వడ్డించుకుని తీసుకొచ్చి, "అక్కా, చీకటి పడింది," అని అలవాటుగా చెప్పింది. చెబుతూ భుజం తట్టింది. అక్క తల మెల్లగా పక్కకి ఒరిగిపోయింది. కంచం కింద పెట్టడం కూడా తెలియక, చెల్లెలు దాన్ని పట్టుకుని అలాగే నిలబడింది.

పక్కింటివాళ్ళు వచ్చారు, అక్కని తీసుకెళ్ళారు, తిరిగి వచ్చి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె ఒక్కతే మంచం పక్కకి జరిపి ఊడవబోయింది. పెచ్చులూడిన గోడ మీద, అక్క కూర్చుని తల ఆనించే చోట, గుండ్రంగా, నల్లగా నూనె మరక. దానికి అంటుకుని పొడుగాటి తెల్ల వెంట్రుక ఒకటి.