సగంలో మూసేసిన ఆవిడ

ఇస్త్రీ చేస్తూ చదవడం ఆమెకి పెళ్ళయ్యాక పట్టుబడిన విద్య. పుస్తకాన్ని కిటికీ గట్టు మీద నిలబెట్టి, పేజీలు ఎగరకుండా అటూ ఇటూ బట్టల క్లిప్పులు పెట్టి, చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె నడిచినంతసేపూ కళ్ళు అక్షరాల మీద ఉంచుతుంది. కాలరు దగ్గరికి, గుండీల దగ్గరికి వచ్చేసరికి కళ్ళు చొక్కా మీదికి దిగుతాయి. పేజీ తిప్పాలంటే పెట్టె నిలబెట్టి, చెయ్యి నైటీకి తుడుచుకుని తిప్పాలి. కూరలు తరుగుతూ చదవడం కొంచెం కష్టం, వేలు తెగుతుంది. పాలు కాస్తూ చదవడం అసలు కుదరదు, మంచి ఘట్టం దగ్గరే పొంగిపోతాయి. ఇంట్లో ఏ పని ఎన్ని పేజీలు పెడుతుందో ఆమెకి బాగా తెలుసు.

ఆ చొక్కాలు వేసుకునే మనిషి కాలేజీలో సాహిత్యం చెప్తాడు. ఆదివారం పేపర్లో కొత్త పుస్తకాల మీద శీర్షిక రాస్తాడు. పక్కన గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న ఫోటో ఒకటి. ఆ ఫోటో తీసింది కూడా ఆమే, ఇదే కిటికీ దగ్గర, వెనక ఆరేసిన తువ్వాళ్ళు పడకుండా నానా తిప్పలూ పడి. మొదట్లో పుస్తకాలు ఆయనే చదివేవాడు. తర్వాత డిపార్ట్‌మెంటుకి పెద్దయ్యాడు, సభలు పెరిగాయి, శాలువాలు పెరిగాయి. ఒకరోజు బూట్ల లేసులు కట్టుకుంటూ, "ఈ రెండూ కాస్త చూసి పెట్టు, సాయంత్రాలు నువ్వు ఖాళీయే కదా" అన్నాడు. ఆమె నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల టెలిఫోను దగ్గర పొద్దస్తమానం జనం చేత తిట్లు తిని, బస్సులో నిలబడి వచ్చి, వంట చేసి, గిన్నెలు కడిగి, అత్తగారి కాళ్ళకి మందు రాసే సాయంత్రాలనే ఆయన ఖాళీ అన్నాడు. ఆ మాటకి అప్పుడు ఆమెకి కోపం రాలేదు. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పుడు వస్తోంది.

కోపం ఎందుకు రాలేదంటే, ఆమెకి ఆ పుస్తకాలు కావాలి. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం నవల పట్టుకుని కూర్చుంటే అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, పని అంతా తీరిపోయిందా?" అని అడిగింది. తిట్టలేదు, అడిగింది. ఆ అడగడంలోనే అంతా ఉంది. ఆ తర్వాత ఆమె పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒక పని పుట్టుకొచ్చేది. అదే పుస్తకం ఆయన పని మీద చదువుతోందని తెలియగానే ఆ పెద్దావిడ ఇరుగుపొరుగుతో, "మా వాడి పుస్తకాలు చూస్తోందిలే, కదిలించకండి" అని గర్వంగా చెప్పడం మొదలుపెట్టింది. తనకోసం చదివితే ఒళ్ళు బరువు. మొగుడికోసం చదివితే బుద్ధిమంతురాలు. ఆమె ఆ సందులోంచే లోపలికి దూరింది. దొంగదారైనా సరే, లోపలికి వెళ్ళాక బోలెడంత లోకం ఉంది.

ఏవి వస్తే అవే చదివింది. హత్య ఎవరు చేశారో తేలని పుస్తకాలు, చేసినవాడు మొదటి పేజీలోనే తెలిసిపోయే పుస్తకాలు. ఎడారుల్లో ఒంటరిగా తిరిగిన ఆడవాళ్ళ ప్రయాణాలు. దయ్యాలు లేకుండానే భయపెట్టే దయ్యాల కథలు. చీమల గురించి ఒక శాస్త్రజ్ఞుడు రాసిన లావుపాటి పుస్తకం చదివి వారం రోజులు వంటింటి గట్టు మీది చీమల్ని తుడవలేకపోయింది. నచ్చవు అనుకున్నవే ఎక్కువ నచ్చేవి. మాయలూ మంత్రాలూ ఉండే నవలలంటే మొదట ఆమెకీ చిన్నచూపే. ఆయన మాటే ఆమె మాట అప్పుడు: "అవి పిల్లల పుస్తకాలు, నాలుగు ముక్కలు చెప్పు చాలు." తీరా చదివితే, లేని దేశంలో లేని రాణి వేసే పన్నులకీ పెట్టే ఆంక్షలకీ తన గుండె ఎందుకు అంత కొట్టుకుంటోందో ఆమెకి అర్థమైంది. నిజం పేరు పెట్టి చెప్పడానికి వీల్లేనప్పుడు మనుషులు అలా చెప్పుకుంటారు కాబోలు అనుకుంది. అదే మాట భోజనాల దగ్గర ఆయనతో అంది. ఆదివారం ఆ వాక్యం ఆయన ఫోటో పక్కన పెద్ద అక్షరాల్లో వచ్చింది. ఆమె ఒక్క క్షణం సంతోషించింది కూడా. తన మాట అచ్చులో చూసుకోవడం అంటే సంతోషమే కదా, ఎవరి పేరు మీద అయితేనేం అనుకుంది. అలా అనుకుని అనుకుని చివరికి పేపరు చూడటం మానేసింది. అందులో ఏముంటుందో ఆమెకి ముందే తెలుసు.

ఇస్త్రీ చేస్తూ చదివిన పుస్తకం ఒకటి ఆమె చేత చొక్కా కాల్పించింది. ఒక పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఆవిడ తన జీవితం తానే రాసుకుని తానే అచ్చు వేసుకుంది. అట్ట పల్చన, కుట్టు వదులు. ఎవరెవరికో మలమూత్రాలు ఎత్తిన చేతులతో ఇంటికొచ్చి అన్నం వండితే మొగుడు కంచం వాసన చూసి తినడం, డాక్టరు చేసిన తప్పుకి తను తలవంచుకు నిలబడటం, అన్నీ గొంతు పెంచకుండా రాసింది. ఒకచోట, దుప్పట్లు పెట్టే గదిలో నిలబడి డబ్బా తెరుచుకుని అన్నం తింటుంది. ఆ పొద్దున ఆమె వార్డులో ఒక పసిబిడ్డ పోయింది. ఏడుపు ఆగట్లేదు, ఆకలీ ఆగట్లేదు, భోజనం టైము అయిపోతోంది. "ఏడుస్తూ నమిలాను, మింగేటప్పుడు మాత్రం ఏడుపు ఆపాల్సి వచ్చింది" అని రాసింది. ఇస్త్రీపెట్టె కింద నీలం చొక్కా పొగలొచ్చేదాకా ఆమె ఆ పేజీలోంచి కదల్లేదు.

ఆ సాయంత్రం ఆయనకి ఆ ఘట్టం చెప్తుంటే ఆమెకి ఏడుపు ఆగలేదు. ఆయన ఫోను చూసుకుంటూ "ఊ, ఊ" అన్నాడు. తర్వాత, "నీలం చొక్కా ఏది?" అన్నాడు.

సోమవారం ఆఫీసులో మధ్యాహ్నం ఫోన్లు కాస్త సద్దుమణిగాయి. పక్క కుర్చీలో కూర్చునే పిల్ల, ఆమెకంటే చాలా చిన్నది, నిన్నటి పేపరు మడత విప్పుకుంటూ ఆమె వైపు జరిగింది.

"అక్కా, ఎట్టకేలకి మీవారు మిమ్మల్ని పేపర్లోకి ఎక్కించారుగా. చూశారా?"

"ఏం రాశారు?"

ఆ పిల్ల నవ్వుతూనే చదివింది. "వంటింటి సణుగుడుకీ సాహిత్యానికీ తేడా తెలియకపోతే ఇలాంటి పుస్తకాలే వస్తాయి. దుప్పట్ల చాటున కన్నీళ్ళతో కలుపుకున్న అన్నాన్ని పాఠకుడికి కొసరి కొసరి వడ్డిస్తారు రచయిత్రి. మగవాణ్ణి కాబట్టి నాకు రుచించలేదేమో అనుకుని మా ఇంటావిడ చేతిలో పెట్టాను. ఆవిడ సగంలో మూసేసి వంటకి లేచింది. అంతకు మించిన విమర్శ నేను చేయలేను." చదివి తలెత్తి, "భలే రాస్తారక్కా" అంది. ఆమె మొహం చూసి నవ్వు ఆపేసింది.

ఫోను మోగింది. నీళ్ళు రావట్లేదని ఎవరో అరిచారు. ఆమె వీధి పేరు అడిగి, ఇంటి నంబరు అడిగి, మనిషిని పంపిస్తామండీ అని చెప్పింది. గొంతు ఎప్పటిలాగే ఉంది. అరికాలి మంట నెత్తికెక్కుతోంది. ఇన్నేళ్ళలో ఎన్ని పుస్తకాలు, ఎన్ని మాటలు, ఒక్కసారైనా ఆయన రాతలో ఆమె లేదు. ఇప్పుడు వచ్చింది. వచ్చి ఏం చేసింది? చెయ్యని పని చేసింది. ఇంకో ఆడదాని బతుకుని సగంలో మూసేసి వంటకి లేచింది. తన కన్నీళ్ళు ఎక్కడ పడ్డాయో సరిగ్గా ఆ చోటే చూసుకుని ఆయన ఉమ్మాడు. ఆ చోటు ఆయనకి చూపించిందెవరు? తనే. పుస్తకంలో అన్నిటికంటే మెత్తటి జాగా ఇదీ అని వేలు పెట్టి చూపించింది తనే. ఆ తర్వాత ఎన్ని ఫోన్లు తీసిందో, ఎవరికి ఏం చెప్పిందో ఆమెకి గుర్తులేదు. సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడిచింది.

ఆయన హాల్లో బల్ల దగ్గర లాప్‌టాప్ తెరుచుకుని కూర్చుని ఉన్నాడు. అత్తగారు సోఫాలో కునుకు తీస్తోంది.

"వచ్చావా. టీ పెట్టి ఇలా వచ్చి కూర్చో. ఆ నది పుస్తకం సంగతేంటో చెప్పు, ఇవాళ పంపేయాలి."

నది పుస్తకం అంటే ఆ వారం వచ్చిన మాయల నవల. రోజూ తెల్లారేసరికి ఊళ్ళో నది చోటు మారుతుంది. పడవ నడిపే ఆడమనిషి పొద్దున్నే లేచి అదెక్కడుందో వెతుక్కోవాలి. అంత బాగున్న పుస్తకం ఆమె ఈమధ్య చదవలేదు. చెప్పలేదు.

"నేను ఆ నర్సుగారి పుస్తకం ఎప్పుడు మూశాను?" అంది.

"ఏ నర్సు?" అని, గుర్తొచ్చి నవ్వాడు. "ఓ, అదా. రాతలో అదొక పద్ధతి. ఇంటి సంగతి ఒకటి పడితే చదివేవాళ్ళకి దగ్గరగా ఉంటుంది."

"నేను ఏడుస్తూ చెప్పాను మీకు."

"అందుకే అన్నాను కన్నీళ్ళెక్కువయ్యాయని." ఆయన ఓపిక పట్టిన గొంతుతో వివరించాడు, క్లాసులో వెనక బెంచీ వాళ్ళకి చెప్పినట్టు. "చూడు, ఈమధ్య అన్నిటినీ పొగుడుతున్నానని బయట అనుకుంటున్నారు. ఒకదాన్నైనా గట్టిగా పట్టుకోవాలి కదా. పెద్దవాళ్ళని పట్టుకుంటే రేపు సభల్లో మొహాలు చూసుకోవాలి. ఆవిడెవరు? ఒక్క పుస్తకం వేసుకుంది, మళ్ళీ రాసేది కూడా లేదు. ఆవిడకి పోయేదేముంది?"

"నాకు పోయింది."

"నీకేం పోయింది? నీ పేరైనా రాయలేదే."

అత్తగారు కళ్ళు తెరిచి, "ఏంటమ్మా, వాడు పని చేసుకుంటుంటే" అంది. ఆమె అత్తగారి వైపు చూసింది. ఈ ఇంట్లో పని ఎవరు చేస్తున్నారో ఆ పెద్దావిడకి వివరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. ఆవిడ మాత్రం ఎవరికి చెప్పుకుంది గనక తన కాలంలో.

లోపలికి వెళ్ళి నర్సుగారి పుస్తకం తెచ్చింది. మొదటి పేజీ వెనక, 'చదివినవారు తమ మాట చెబితే సంతోషిస్తాను' అని ఫోను నంబరు ఉంది. నిలబడే నొక్కింది. రోజంతా ఎవరెవరివో ఫోన్లు తీసే మనిషి, తనంత తానుగా ఒకరికి చేసి ఎన్నాళ్ళయిందో. ఆయన లాప్‌టాప్‌లో ఏదో కొడుతూ, "ఎవరికి? మీ అక్కకా? తర్వాత చేసుకోకూడదూ" అన్నాడు.

"హలో, ఎవరండీ?" అవతల నెమ్మదైన గొంతు.

"నిన్న పేపర్లో మీ పుస్తకం సగంలో మూసేసిందని ఒకావిడ గురించి రాశారు చూడండి. ఆవిడ నేనే."

లాప్‌టాప్ టకటక ఆగిపోయింది.

"ఇంకా ఏమైనా అనాలనుందా అమ్మా?" అంది నర్సుగారు. ఆ గొంతులో కోపం లేకపోవడం ఆమెకి ఇంకా కష్టమనిపించింది. "మా అమ్మాయి ఆ పేపరు దాచేసింది. ఎదురింటావిడ పనిగట్టుకుని తెచ్చిచ్చింది."

"నేను మూయలేదండి. మొత్తం చదివాను. అయిపోయాక మళ్ళీ మొదట్నుంచి చదివాను. దుప్పట్ల గది దగ్గరికి వచ్చేసరికి ఇస్త్రీ చేస్తున్న చొక్కా కాల్చేశాను."

"అవునా" అంది నర్సుగారు. తర్వాత మళ్ళీ, "అవునా అమ్మా" అంది. ఇంకాసేపటికి, "మరి సారు అలా రాశారేంటి? ఏం నచ్చలేదో అడుగుదామనుకుని, ధైర్యం చాలక ఊరుకున్నాను. అంత చదువుకున్నాయన. నాదే ఏదో లోపం ఉండి ఉంటుందని" అంది.

ఆయన లేచాడు. చేత్తో పెట్టెయ్, పెట్టెయ్ అని సైగ చేస్తున్నాడు. మొహం ఎర్రబడింది కానీ గొంతు పైకి రాలేదు. అవతల మనిషికి వినపడుతుందని భయం.

"ఆయన మీ పుస్తకం చదవలేదండి" అంది ఆమె. "మీదే కాదు, చాలా ఏళ్ళుగా ఏదీ చదవట్లేదు. నేను చదివి చెప్తాను. ఆయన రాస్తారు."

సోఫాలో అత్తగారు లేచి కూర్చుంది. ఆయన రెండడుగులు ముందుకొచ్చి ఫోనుకోసం చెయ్యి చాచాడు. ఆమె వెనక్కి తగ్గలేదు. ఆయన కళ్ళలోకి చూస్తూ అలాగే నిలబడింది. ఆ చెయ్యి గాల్లో కాసేపు ఉండి కిందికి దిగింది.

"అమ్మా," అంది నర్సుగారు, "ఇది చిన్న మాట కాదు. నేను నలుగురిలో అంటే నీకు ఇంట్లో ఇబ్బంది కాదూ?"

"రాసుకోడానికి పెన్ను తెచ్చుకోండి" అంది ఆమె. "పేపరు ఎడిటర్ గారి నంబరు చెప్తాను."