వెంట్రుకకన్నా సన్నని తీగ

సన్యాసిరావు మాస్టారు డాబామీద గిటార్లు ఆరేస్తున్నారు. బట్టలు ఆరేసుకునే దండేనికే ఒకదాని పక్కన ఒకటి, మెడలకు క్లిప్పులు పెట్టి వేలాడదీస్తున్నారు, ఎర్రవి, తేనెరంగువి, పెచ్చులూడిన తెల్లవి, అన్నిట్లోంచీ నీళ్లు కారుతున్నాయి, ఒక్కో చుక్కా నేలమీద పడి సన్నగా మోగుతోంది. మాస్టారు పోయి రెండేళ్లయిందని నాకు తెలుసు, ఆ సంగతి ఆయనకు గుర్తుచేయడం మర్యాద కాదనీ తెలుసు, అందుకని క్లిప్పుల బుట్ట పట్టుకుని మాట్లాడకుండా ఆయన వెనకే నడుస్తున్నాను.

"ఎలా తడిసిపోయాయండీ ఇవన్నీ?" అని చివరికి అడుగుతున్నాను.

"వానలో వచ్చాయిరా జోగా. పాపం, ఎక్కడెక్కణ్ణుంచో."

నిజమే, అన్నీ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవే. విశాఖపట్నం వన్ టౌన్లో మాస్టారిది రేడియోలు బాగుచేసే కొట్టు. ఎప్పుడో హోటళ్లలో, చర్చిల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో మోగి, తర్వాత అటకలెక్కేసిన పాత ఎలక్ట్రిక్ గిటార్లను వెతికి తెచ్చి మళ్లీ పలికించడం ఆయనకు పిచ్చి, నలభయ్యో ఏట ఆయన దగ్గర పనికి కుదిరిన నాకు కూడా ఆ పిచ్చే అంటుకుంది. కొత్త రంగు వెయ్యనిచ్చేవారు కాదు. గీతల్ని చెరపనిచ్చేవారు కాదు. "దాని వయసు దానికుండనీరా" అనేవారు.

దండెం చివరికి వచ్చేసరికి డాబాకి పిట్టగోడ లేదు, దాని బదులు నున్నటి చెక్కనేల ఉంది, హార్బరు పక్కన ఏదో హోటల్లో డాన్సులాడే హాలు కాబోలు, కిటికీలన్నిట్లోనూ సముద్రమే కనిపిస్తోంది, తెల్లగుడ్డలు పరిచిన బల్లల దగ్గర మనుషులు లేరు గానీ వాళ్లు ఇప్పుడే లేచి వెళ్లినట్టు కుర్చీలు వెనక్కి జరిపి ఉన్నాయి. మాస్టారు ఒక కుర్చీలో కూర్చుని, ఒడిలో తేనెరంగు గిటారు పెట్టుకుని ఉన్నారు. దాన్ని చూడగానే నా కాళ్లు ఆగిపోతున్నాయి. భీమిలిలో ఒక పాత బంగళా అటకమీద మాకు దొరికిన గిటారు అది.

"దీని గొంతెందుకు రావట్లేదురా?" అంటున్నారు ఆయన, చెవి దానికి ఆనించి.

ఆయన వేళ్లు వణకడం లేదు. అది చూశాక నేనిక ఆగలేకపోతున్నాను.

"మాస్టారూ, దాని లోపలి తీగ తెంపింది నేను."

ఆయన తల ఎత్తడం లేదు. నేను చెప్పుకుపోతున్నాను, నా మాటలు ఆ ఖాళీ హాల్లో మరెవరివో మాటల్లా వినిపిస్తున్నాయి. గిటారు తీగల కింద పికప్ ఉంటుంది, అయస్కాంతాల చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రాగితీగని వేల చుట్లు చుట్టి ఉంటుంది, గిటారుకి గొంతు అదే. ఆరేళ్ల కింద ఒకరోజు మధ్యాహ్నం మాస్టారు భోజనానికి ఇంటికి వెళ్లారు, తాను వచ్చేదాకా దాని మూత తెరవొద్దని చెప్పి మరీ వెళ్లారు, అయినా నాకు ఆత్రం ఆగక స్క్రూడ్రైవరుతో మూత లేపాను, చెయ్యి జారింది, ఒక్క గీత, తీగ తెగిపోయింది. మూత మళ్లీ బిగించేసి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. ఆయన వచ్చి, స్క్రూలు విప్పి, మూత తీసి, తెగిన తీగని చాలాసేపు చూశారు, తర్వాత తన వేళ్లకేసి చూసుకున్నారు. ఆ ఏడాదే వాటికి కొంచెం వణుకు మొదలైంది. "నా చెయ్యే తగిలుంటాది" అన్నారు. నేను కాదనలేదు. ఆ సాయంత్రం టంకం పెట్టే కడ్డీ అరలో పెట్టేసిన మనిషి, పోయేదాకా నాలుగేళ్లు మరి దాన్ని ముట్టుకోలేదు.

"ఆవేళే చెప్పొచ్చు కదరా," అంటున్నారు మాస్టారు.

"భయమేసిందండి."

"తిడతాననా?"

"కాదండి. నాచేత పని మాన్పించేస్తారని."

ఆయన తల ఊపుతున్నారు, బయట ఏదో ఓడ కూత పెడుతోంది, ఆ కూత అయ్యేదాకా ఆగుతున్నారు.

"అందుకని నాచేత మాన్పించేసావు."

ఆ మాటలో కోపం లేదు, కోపమున్నా బాగుండేది. హాలు మెల్లగా కదులుతోంది, మేమిద్దరం ఓడలోనే ఉన్నామేమో, బల్లలమీద గుడ్డలు గాలికి లేస్తున్నాయి, ఆయన మాత్రం వాళ్ల ఇంటి వరండాలో కూర్చున్నట్టే కూర్చుని ఉన్నారు, కంచరపాలెంలో ఆ నాలుగేళ్లూ చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చునేవారు.

"రత్నం నాకు చొక్కా గుండీలు పెట్టేది, తెలుసా నీకు?" అంటున్నారు. రత్నం అంటే ఆయన భార్య, నూకరత్నమ్మగారు. "టీ సగం గ్లాసే పోసేది, ఒలికిపోతాదని. మొదట్లో వద్దనేవోణ్ణి. తర్వాత్తర్వాత నిజంగానే ఒలికిపోయేది. చేతకాదనీసుకున్నాక ఏటి చేతనవుతాదిరా?"

"నన్ను క్షమించండి మాస్టారూ."

"నాకు చెప్పుకుంటే ఏటి లాభం, నేను పోయేను కదా," అంటున్నారు చాలా మామూలుగా, ఆయన పోయిన సంగతి నేను దాచిపెట్టాననుకుంటే అది ఆయనకి ముందే తెలిసినందుకు నాకే సిగ్గేస్తోంది. "రత్నానికి చెప్పావా?"

"లేదండి."

"మరి అది ఇంకా నా చెయ్యే తగిలిందనుకుంటాది కదా."

క్షమించారో లేదో చెప్పడం లేదు. జేబులోంచి రాగితీగ కొస తీసి నా చేతికి ఇస్తున్నారు, అది ఉందో లేదో కంటికి ఆనడం లేదు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిన్న చలిలా తగులుతోంది. "గట్టిగా పట్టుకో. లాగకు. ఊరికే పట్టుకో" అంటూ లేచి, తీగ వదులుతూ వెనక్కి నడుస్తున్నారు, బల్లల మధ్య నుంచి, కిటికీల పక్క నుంచి, తర్వాత నేల లేని చోట నుంచి, ఆయన దూరమైన కొద్దీ తీగ నా వేళ్లమధ్య సన్నగా వణుకుతోంది, ఆయన ఏదో అంటున్నారు, వినపడటం లేదు, వినడానికి ఒక్క అడుగు ముందుకు

మెలకువ వచ్చింది. కొట్లోనే ఉన్నాను, కుర్చీలో. మధ్యాహ్నం మూడు దాటింది. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది, వీధిలో ఐసు బండివాడు బేరమాడుతున్నాడు. కాసేపు అలాగే కూర్చుని, ఇంకాసేపు కూర్చుంటే ఇవాళా చెప్పలేనని తెలిసి, ఫోను తీశాను.

"అమ్మా, నేను, జోగారావుని."

"ఏటి నాయినా, ఇన్నాళ్లకి? అన్నం తిన్నావా?"

"తిన్నానమ్మా. మీకో మాట చెప్పాలి, వచ్చి ఎదురుగా కూర్చుని చెప్పాలి. మాస్టారి చేతుల గురించి."

అవతల ఆమె కంగారుపడింది. "ఆయన చేతులకేటయ్యింది?" అంది, ఆయన పక్కగదిలో ఉన్నట్టు.

"ఇప్పుడే వస్తానమ్మా," అన్నాను.

"సర్లే," అంది ఆమె మెత్తగా. "వచ్చీయ్. తలుపు తీసే ఉంచుతాను."

ఫోను పెట్టేసి చెప్పులు వేసుకోబోతూ అప్పుడు చూసుకున్నాను. ఇంతసేపూ ఫోను ఎడంచేత్తోనే పట్టుకుని మాట్లాడాను. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి గట్టిగా అదుముకుని, గోళ్లు తెల్లబడి ఉన్నాయి.