కోట గుమ్మం దాటాక

ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాదికీ అన్నం డబ్బాల్లో సర్దుతుంటే, మరిది భార్య, నా తోడికోడలు, అద్దం ముందు నిలబడి టోపీ సరిచేసుకుంటోంది. ఆ టోపీని చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఎండకు టోపీ కావాలంటే ముందు ఎండలో తిరిగే యోగం ఉండాలి కదా!

పిల్లలకు చరిత్ర చూపించాలని మావారికి మహా సరదా. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరగలిగినంత దూరంలో ఉన్న కోటలూ, గుహలూ, జలపాతాలూ దాదాపు అన్నీ చూపించారు. అన్నిటికీ నేనూ వెళ్ళాను. కానీ కోటల్లో నేను చూసినవి గుమ్మాలే. మోకాళ్ళ నొప్పుల అత్తగారికి తోడుండాలి, సంచులకు కాపలా ఉండాలి. "నువ్వున్నావు కాబట్టే మేం నిశ్చింతగా తిరుగుతున్నాం" అంటారాయన. మొదట్లో అది మెచ్చుకోలనుకుని పొంగిపోయాను కూడా.

ఆ రోజూ కోట కింద చెట్టు నీడన దుప్పటి పరిచి కూర్చున్నాను. పైన మావారు బురుజులు చూపిస్తూ ఏదో చెబుతున్నారు. తోడికోడలు నడుం మీద చెయ్యి వేసుకుని వింటోంది, పగలబడి నవ్వుతోంది. వాళ్ళ మీద నాకు అనుమానమేమీ లేదు. ఆమె మంచిదే, పాపం. నా కుళ్ళంతా చేతులూపుకుంటూ మెట్లెక్కే ఆ నడక మీదే. ఆమె జారిపడాలని కోరుకోలేదు గానీ, ఆ టోపీ గాలికి ఎగిరిపోతే బాగుండునని మాత్రం మనసారా కోరుకున్నాను. ఎగరలేదు.

"చిన్నకోడలికి ఓపికెక్కువ," అంది అత్తగారు పైకి చూస్తూ. "నీకు మొదట్నుంచీ ఇలాంటివి పడవుగా."

కాసేపటికి మా అమ్మాయి నీళ్ళ కోసం పరుగున దిగివచ్చింది. వెంట అక్కడే స్నేహమైన పిల్ల ఒకతె. "మీ అమ్మ పైకి రారా?" అని అడిగింది ఆ పిల్ల.

"మా అమ్మకి ఇవన్నీ ఇష్టముండవు. ఊరికే కూర్చోడమే ఇష్టం," అంది మా అమ్మాయి, అతి మామూలుగా.

దాని వయసులో మా వీధిలో నేనెక్కని గోడ లేదు. దుమ్ము కొట్టుకుపోయిన దాని జుట్టు, ఎర్రబడ్డ బుగ్గలు చూస్తుంటే, కన్నకూతురి మీద కూడా నాకు కుళ్ళు పుట్టింది. అప్పుడు నిజంగా భయం వేసింది. ఇంకాసేపు అక్కడే కూర్చుంటే నేనేమైపోతానో!

లేచి చీర కుచ్చెళ్ళు పైకి దోపుకున్నాను.

"ఎక్కడికే?" అంది అత్తగారు.

"పైకి, అత్తయ్యా."

"మరి సంచులు?"

"మీరు చూస్తుండండి."

సగం దారిలో మావాళ్ళంతా దిగుతూ ఎదురయ్యారు. "అక్కా, నువ్వా! ఉండు, నేనూ మళ్ళీ వస్తా," అంది తోడికోడలు.

"వద్దమ్మా, ఒక్కదాన్నే వెళ్తా."

"ఇప్పుడెందుకు? అందరికీ ఆకలేస్తోంది," అన్నారు మావారు.

"తినండి," అని పక్కనుంచి ఎక్కేశాను.

పైకి చేరేసరికి ఆయాసంతో కాళ్ళు వణికాయి. గోడ పట్టుకుని నిలబడి అవతలికి చూశాను. అంతలో ఫోన్ మోగింది. "ప్లేట్లు ఎక్కడ పెట్టావ్?" మావారి గొంతులో విసుగు.

"ఇక్కణ్ణుంచి నది కనిపిస్తోందండీ," అన్నాను. "ప్లేట్లు కనిపించట్లేదు."